బోటుకి ఏ జీపీఎస్: ఫోనా, చేతి సెట్టా, బిగించే సెట్టా?

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైతే చాలు, హార్బర్‌లో నాకు తిండి తినే తీరిక ఉండదు. జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లన్నీ జెట్టీకే కట్టి ఉంటాయి. చెక్కలు మార్చేవాళ్లు, రంగులు వేసేవాళ్లు, ఇంజన్లు దించేవాళ్లు, వాళ్ల మధ్యలో వైర్ల చుట్ట భుజాన వేసుకుని నేను. ఆ రెండు నెలలూ నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. "తమ్ముడూ, ఏ జీపీఎస్ కొనమంటావు?"

నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. ఎన్ని రాత్రులు సముద్రంలో ఉంటారు? బోటు మీద కరెంటు ఎన్ని వోల్టులు? సెట్టు తడవని చోటు బోటులో ఉందా? స్క్రీన్ ఎన్ని అంగుళాలు, రంగులు వస్తాయా రావా అన్నది నాలుగో ప్రశ్న. చాలామంది ఆ నాలుగోదానితోనే మొదలుపెడతారు. డబ్బు వృథా అయ్యేది కూడా అక్కడే.

ధరలు ఇక్కడ రాయడం లేదు. డాలరుతో పాటు మారతాయి, ఒక్కో కొట్లో ఒక్కో రేటు చెబుతారు. ఏది ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ దెబ్బతింటుంది అన్నది మాత్రం అంత తొందరగా మారదు.

మా నాన్నగారి తరానికి ఈ గొడవ లేదు. విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని వెనక ఇంకో కొండ ఒక వరసలోకి రావాలి, మరో పక్క సింహాచలం కొండ ఫలానా గుర్తు మీదికి రావాలి. ఆ రెండు గీతలు కలిసిన చోట వల వేసేవారు. జీపీఎస్ చేసేదీ ఇంచుమించు ఇదే. కొండలకు బదులు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు, దిక్కులకు బదులు దూరాలు, అంతే తేడా. కొండ కనిపించేంత దూరంలోనే వేటాడి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాళ్లకు ఆ పాత విద్య ఇప్పటికీ పనిచేస్తుంది. మంచు పట్టినప్పుడు, కొండలు దాటి లోతుకు పోయినప్పుడే సెట్టు కావాలి.

ఫోను చాలదా?

ఒక్క ఫోనే అయితే చాలదు. అలాగని పనికిరాదని కూడా అనను.

నెట్‌వర్క్ పోతే ఫోన్లో జీపీఎస్ కూడా పోతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. సిగ్నల్ వచ్చేది ఉపగ్రహం నుంచి, టవర్ నుంచి కాదు. ఏ ఉపగ్రహం ఎక్కడుందో ముందే చెప్పి, మొదటిసారి చోటు తొందరగా దొరికేలా టవర్ సాయం చేస్తుంది. ఆ సాయం లేకపోతే కాస్త ఎక్కువసేపు పడుతుంది. అందుకే ఫోన్ని జెట్టీ దగ్గరే ఆన్ చేసి, చోటు చూపించాకే బయల్దేరాలి.

మ్యాపు సంగతి వేరు. గూగుల్ మ్యాప్‌లో సముద్రం అంటే నీలం దుప్పటి పరిచినట్టు ఉంటుంది. లోతులు, బండలు కనిపించాలంటే నావియానిక్స్ లాంటి సముద్రపు మ్యాపుల యాప్ కావాలి. దానికి ఏడాది చందా కట్టాలి, ఒడ్డున ఉండగానే మన తీరం మ్యాపు దించుకోవాలి. సముద్రంలోకి వెళ్లాక గుర్తొస్తే చేసేదేమీ లేదు.

ఇక ఫోను ఎక్కడ చేతులెత్తేస్తుందో చెబుతాను. ఉప్పునీటి చుక్క తెరమీద పడితే అదే వేలనుకుని తనంతట తానే ఏదో నొక్కేస్తుంది. తడి చేత్తో మనం నొక్కితే మాత్రం పలకదు. మధ్యాహ్నం ఎండలో తెర కనిపించదు, ఇంకాస్త కాగితే వేడెక్కిందని చెప్పి ఆగిపోతుంది. వీటన్నిటికన్నా పెద్ద శత్రువు కళాసీ కుర్రాడు. వలలు వేశాక ఖాళీగా కూర్చుని సినిమా చూస్తాడు, తిరుగు ప్రయాణానికి చార్జింగ్ ఉండదు.

కాబట్టి ఫోను రెండో సాధనంగా ఉండాలి. తెర కనిపించేలా నీళ్లు చొరబడని కవర్లో వేసి, ఒక పవర్ బ్యాంకు జతచేసి, పక్కన పెట్టుకోండి.

చేతి సెట్టు

ఒడ్డు మీంచి తోసుకుంటూ దిగే ఫైబర్ బోట్లకి నా ఓటు దీనికే, ఇందులో రెండో మాట లేదు. ఉప్పాడలో, భీమిలిలో బోట్లని రోజూ ఇసుకలో లాగుతారు, అలల్లోంచి ఎక్కిస్తారు. బిగించడానికి క్యాబిన్ ఉండదు. బ్యాటరీ పెట్టినా ఉప్పునీటిలోనే మునుగుతుంది. అలాంటి బోటు మీద సెట్టు సాయంత్రం మనతో పాటు ఇంటికి రావాలి.

గార్మిన్‌లో జీపీఎస్ 73, జీపీఎస్‌మ్యాప్ 79ఎస్ రెండూ నీళ్లలో తేలతాయి, రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తాయి. అదే కంపెనీ ఈట్రెక్స్ 10 చవక, సెల్స్ ఇంకా ఎక్కువ గంటలు వస్తాయి, కానీ నీళ్లలో పడితే మునిగిపోతుంది. నిజానికి అది కొండలెక్కేవాళ్ల కోసం చేసినది. సముద్రం మీద తేలే సెట్టుకే డబ్బు పెట్టండి. అది తేలుతుంది కదా అని ధీమా కూడా వద్దు. రాత్రిపూట అలల మీద తేలే నల్ల డబ్బాని ఎవరు వెతుకుతారు? తాడు కట్టి మెడలో వేసుకోండి, లేదా బోటుకి కట్టేయండి.

డబ్బా మీద ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని అర్థం. అది కొత్త సెట్టుకి వర్తించే మాట. సెల్స్ పెట్టే మూతకి ఉండే రబ్బరు పగిలితే ఆ భరోసా అక్కడితో సరి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది తెర కాదు, ఆ మూత. తీసి రబ్బరుని వేలితో తడమండి, లోపల స్ప్రింగు మీద ఆకుపచ్చ పొడి ఉందేమో చూడండి. ఉంటే దండం పెట్టి వచ్చేయండి.

పాత సెట్లలో ఇంకో చిత్రం కనిపిస్తుంది. తేదీ ఎప్పటిదో ఇరవై ఏళ్ల కిందటిది చూపిస్తాయి. జీపీఎస్ వారాలను 1024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. 2019 ఏప్రిల్ 6 రాత్రి అలా తిరిగింది. ఆ సంగతి తెలియని పాత సెట్లు వెనకటి కాలంలో ఉండిపోయాయి. చోటు మాత్రం మామూలుగా సరిగ్గానే చూపిస్తాయి కాబట్టి భయపడక్కర్లేదు. అయితే సూర్యోదయం, పోటు వేళలు అందులో చూసి నమ్మకండి. ఆ వంకతో ధర తగ్గించమని మాత్రం అడగండి.

చేతి సెట్టుతో ఇబ్బంది లేకపోలేదు. తెర చిన్నది. యాభై దాటిన సరంగు, అంటే బోటు నడిపేవాడు, రాత్రిపూట కళ్లద్దాలు వెతుక్కోవాల్సిందే. యాంటెన్నా లోపలే ఉంటుంది కాబట్టి ఇనుప పైకప్పు కింద పెడితే ఉపగ్రహాలు దొరకవు, ఆకాశం కనిపించే చోట పట్టుకోవాలి. నాలుగైదు రాత్రుల వేటకి సెల్స్ లెక్కపెట్టుకుని తీసుకెళ్లాలి. మామూలు సెల్సా, చార్జింగ్ సెల్సా అన్నది సెట్టింగులో సరిగ్గా పెట్టకపోతే సెల్ గుర్తు నిండుగా చూపిస్తూనే సెట్టు ఆగిపోతుంది.

బిగించే సెట్టు

వారం పది రోజుల వేటకి వెళ్లే మరబోటుకి బిగించే సెట్టు తప్పదు. ఇందులో మూడు రకాలు ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపేసి అడగడం వల్లే జనం మోసపోతున్నారు.

మొదటిది ఉత్త జీపీఎస్. ఫ్యూరునో జీపీ-39 లాంటిది. నాలుగంగుళాల పైచిలుకు తెర, బయట బిగించే యాంటెన్నా, 12 నుంచి 24 వోల్టుల దాకా ఏది ఇచ్చినా పనిచేస్తుంది. పాయింటు కొట్టడం (అంటే ఒక చోటుని గుర్తు పెట్టి దాచుకోవడం), దారి గీయడం, పాయింటుకి పోవడం, అంతే దాని పని. చూడ్డానికి ముసలి వాలకం. కానీ బటన్లు తడి చేతికి పలుకుతాయి, అది చేయాల్సిన పని అది చేస్తుంది.

రెండోది నీళ్లలోకి శబ్దం పంపి లోతునీ, చేపలనీ చూసే ఎకో, దాంట్లోనే జీపీఎస్. గార్మిన్ స్ట్రైకర్ ఇలాంటిది. ఇందులో పాయింట్లు పెట్టుకోవచ్చు, వచ్చిన దారి చూడొచ్చు. మ్యాపు మాత్రం రాదు, తర్వాత కార్డు వేసుకోవడానికి కూడా వీల్లేదు. "తర్వాత మ్యాపు ఎక్కిస్తాం లెండి" అని కొట్లో ఎవరైనా అంటే నమ్మకండి.

మూడోది కాంబో, అంటే మ్యాపు, ఎకో, జీపీఎస్ అన్నీ ఒక్క తెరమీద చూపించేది. గార్మిన్ ఎకోమ్యాప్ లాంటివి. చూస్తే కొనాలనిపిస్తుంది. ఎడమ సగంలో మ్యాపు, కుడి సగంలో అడుగు ఎన్ని బారలుందో గీత. సరంగులు దీని ముందు నిలబడితే కదలరు.

నా సలహా కొందరికి నచ్చదు. ట్రాలింగ్ బోటుకి ఎకో వేరుగా, జీపీఎస్ వేరుగా కొనండి. అన్నీ ఒకే డబ్బాలో ఉంటే, అది పోయిన రోజు లోతూ తెలియదు, దారీ తెలియదు. విడిగా ఉంటే ఒకటి పోయినా రెండోదానితో హార్బర్ చేరొచ్చు. తెర పెద్దదిగా కావాలి, డబ్బుకి లోటు లేదు అనుకునేవాళ్లు కాంబో కొనుక్కోండి, కానీ పక్కన ఒక చేతి సెట్టు ఉంటేనే.

మ్యాపు కోసమే ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లు ఒక సంగతి ఆలోచించాలి. మన తీరంలో బోటుకి అసలు గండం నడిసముద్రంలో ఉండదు, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంటుంది. గోదావరి మొగ, మచిలీపట్నం గిలకలదిండి మొగ, నిజాంపట్నం కాలువ లాంటి చోట్ల ఇసుక మేట వేస్తూ, కదులుతూ ఉంటుంది. మ్యాపులో ఉన్న లోతు ఎప్పుడో కొలిచినది. నిన్న మొన్న వచ్చిన తుపాను దానికి తెలియదు. అక్కడ పనికొచ్చే మ్యాపు మీ బోటు గీసిన గీతే. పోటు మీద, పగటిపూట, దారి తెలిసిన సరంగు వెనకాల నెమ్మదిగా బయటికి వచ్చేటప్పుడు ట్రాక్ ఆన్‌లో పెట్టి దాన్ని దాచుకోండి. వరద వచ్చి వెళితే ఆ గీతని కూడా చెరిపేసి కొత్తది గీయండి. ఈ పనికి ఉత్త జీపీఎస్ చాలు.

ఎకో ఉన్న సెట్టు ఏదైనా, శబ్దం పంపి తిరిగి అందుకునే ట్రాన్స్‌డ్యూసర్‌ని బోటు అడుగున పెట్టాలి. హార్బర్‌లో ఉండే బోటుకి ఇబ్బంది లేదు. ఇసుకలో లాగే ఫైబర్ బోటుకి వెనక బిగిస్తే నెల తిరక్కుండా రాలిపోతుంది. ఒకాయన పదే పదే మార్చి మార్చి విసుగెత్తి, వెదురు గెడకి కట్టి వేట దగ్గర నీళ్లలో దించడం మొదలుపెట్టాడు. నవ్వుకున్నాం గానీ, ఆ ఏడాది మళ్లీ కొనలేదు.

బిగించడంలోనే అసలు కథ

నా దగ్గరికి "సెట్టు పాడైంది" అని వచ్చేవాటిలో చాలా సెట్లు బాగానే ఉంటాయి. పాడైంది కరెంటు.

రెండేళ్ల కిందట ఒక బోటు వాళ్లు కొత్త కాంబో కొన్నారు. ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడల్లా తెర ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి వెలుగుతోంది. అమ్మినతను రెండుసార్లు సెట్టు మార్చి ఇచ్చాడు, రోగం పోలేదు. యజమానికి టెన్షన్, సరంగుకి చిరాకు. నేను వెళ్లి సెట్టుని ముట్టుకోకుండా వైరు వెంట చేత్తో తడుముకుంటూ పోయాను. క్యాబిన్ బల్బుకి పోయే వైరుని మధ్యలో చీల్చి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి అక్కడి నుంచి సెట్టుకి ఇచ్చారు. టేపు విప్పితే రాగి తీగ చిలుము పట్టి పచ్చటి పొడిగా చేతిలోకి వచ్చింది. మీటరు పెట్టి చూశాను. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉంటే, లైట్లు వేసి ఉండగా సెట్టు దగ్గర 10.9. ఆ సెట్టుకి కనీసం 10 కావాలి. స్టార్టర్ తిరిగిన ఆ రెండు సెకన్లూ అంతకన్నా కిందికి పడిపోతోంది. బ్యాటరీ నుంచి నేరుగా కొత్త వైర్ల జత లాగి, బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు పెట్టాను. ఆ సెట్టు ఇప్పటికీ అదే బోటులో నడుస్తోంది.

కాబట్టి సెట్టు కొన్న డబ్బులో కొంత వైరుకి మిగుల్చుకోండి. రాగి మీద తగరం పూత ఉన్న వైరు దొరికితే అదే వేయండి. ఉప్పుగాలికి మామూలు రాగి వైరు రెండు సీజన్లలో లోపల్లోపలే నల్లబడుతుంది. బల్బులు, పంపులు, టేప్ రికార్డరు ఏవీ ఈ వైరు మీద ఉండకూడదు.

24 వోల్టుల బోట్ల దగ్గర జరిగే పొరపాటు ఇంకా ఖరీదైనది. చిన్న కాంబోలు, స్ట్రైకర్లు చాలావరకు 12 వోల్టుల కోసమే చేసినవి, 24 ఇస్తే కాలిపోతాయి. అది తెలిసినవాళ్లు తెలివిగా రెండు బ్యాటరీల మధ్యలోంచి, ఒక బ్యాటరీ మీద మాత్రమే 12 తీసుకుంటారు. సెట్టు పనిచేస్తుంది. కొన్ని నెలలకి ఆ ఒక్క బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతుంది, రెండోది అతిగా చార్జ్ అయి ఉడికిపోతుంది, చివరికి నడిసముద్రంలో ఇంజన్ తిరగదు. 24ని 12 చేసే కన్వర్టరు ఒకటి కొని పెట్టండి. లేదా 24 తట్టుకునే సెట్టే కొనండి. కొనేముందు సెట్టు వెనక రాసి ఉన్న వోల్టులు చదవడానికి అర నిమిషం కూడా పట్టదు.

యాంటెన్నా ఎంత ఎత్తున పెడితే అంత బాగా పనిచేస్తుందని ఒక నమ్మకం ఉంది. వైర్‌లెస్ సెట్టుకి అది నిజం, జీపీఎస్‌కి కాదు. దానికి కావాల్సింది తెరిచిన ఆకాశం. అయిదు మీటర్ల గెడ కొనకి బిగించారనుకోండి. బోటు 15 డిగ్రీలు వాలినప్పుడల్లా యాంటెన్నా పక్కకి మీటరుం పావు పైనే ఊగుతుంది. ఆ ఊపుని కూడా సెట్టు బోటు నడకే అనుకుంటుంది. వల లాగుతూ రెండు మూడు నాట్ల వేగంతో పోయేటప్పుడు వేగం అంకె, దిక్కు బాణం పూనకం వచ్చినట్టు ఊగుతాయి. క్యాబిన్ పైకప్పు మీద, చుట్టూ ఇనుము అడ్డు లేని చోట, వైర్‌లెస్ యాంటెన్నాకి కనీసం మీటరు దూరంగా పెట్టండి. రాడార్ ఉంటే దాని ఎదురుగా మాత్రం వద్దు.

యాంటెన్నా కేబుల్ ఎక్కువైతే కోయకండి, చుట్టి కట్టేయండి. లోపలికి దూరే చోట కేబుల్ని కొంచెం కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తిప్పండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, సెట్టు వెనక్కి చేరవు. ఇక దిక్సూచి పక్కనే సెట్టు బిగించకండి, ముల్లు పక్కకి లాగేస్తుంది. బిగించాక సెట్టు ఆన్ చేసి, ఆఫ్ చేసి ముల్లు కదులుతోందేమో చూడండి.

కొత్త సెట్టుని మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఆకాశం కింద ఓ పావుగంట కదపకుండా వదిలేయండి. ఉపగ్రహాల పట్టిక మొత్తం కిందికి రావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఈలోగా మెనూలోకి వెళ్లి వాస్ అనో, ఎస్బాస్ అనో ఉన్న దాన్ని ఆన్ చేయండి. అది అమెరికా పేరు కదా మనకెందుకు అనుకోవద్దు. జీపీఎస్ లెక్కలో తప్పుని సరిచేసే మన దేశపు గగన్ సిగ్నల్ని సెట్టు అందుకునేది ఆ స్విచ్చుతోనే. శ్రీహరికోట నుంచి ఎగిరిన నావిక్ ఉపగ్రహాల సంగతి వేరు, అవి జీపీఎస్ లాంటి మన సొంత ఏర్పాటు. వాటి పాత సిగ్నల్‌ని మామూలు జీపీఎస్ సెట్లు పట్టలేవు. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 నుంచి జీపీఎస్ వాడే ఎల్1 బ్యాండ్‌లో కూడా సిగ్నల్ ఇస్తున్నారు. సెట్టు డబ్బా మీద నావిక్ అని రాసి ఉంటే మంచిదే, లేదని ఎవరూ ఆగక్కర్లేదు.

అంకెల దగ్గర పడే దెబ్బ

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్ల సమాచారం తెలుగులోనే ఇస్తుంది. ఏ ఊరి నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో అని ఉంటుంది, పక్కన అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. అక్కడ చూసుకోవాలి. అది డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటుంది. మన సెట్లు ఎక్కువగా డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు అడుగుతాయి.

ఆ సమాచారం రాసిన బోర్డు మీద 17 డిగ్రీల 23 నిమిషాల 45 సెకన్లు అని ఉందనుకుందాం. సరంగు సెట్టులో 17 డిగ్రీల 23.45 నిమిషాలు అని కొడతాడు. చూడ్డానికి ఒక్కటే. కానీ 45 సెకన్లంటే 60లో 45, అంటే నిమిషంలో 0.75. కొట్టాల్సింది 23.750. తేడా 0.30 నిమిషం. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1,852 మీటర్లు. అంటే 550 మీటర్లకు పైగా పక్కకి పోయాడు. చేపల గుంపు కోసమైతే ఫర్వాలేదు. వల తగులుకునే బండ పాయింటు అలా కొడితే లక్షల విలువైన వల పోతుంది.

మందు సులువే. సెకన్లను 60తో భాగించి నిమిషానికి కలపండి. లేదా సెట్టు మెనూలో ఫార్మాట్‌ని సెకన్లలోకి మార్చి, పాయింటు కొట్టి, మళ్లీ పాతదానికి తిప్పేయండి. సెట్టే మార్చుకుంటుంది. పక్క బోటాయన వీహెచ్ఎఫ్ వైర్‌లెస్‌లో పాయింటు చెబుతుంటే ముందు "దశాంశాలా, సెకన్లా?" అని అడగండి. మెనూలోనే డాటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే పద్ధతి) అన్న చోట డబ్ల్యూజీఎస్ 84 ఉండాలి. ఎవరో పిల్లవాడు నొక్కి ఇంకోటి పెడితే పాయింట్లన్నీ వందల మీటర్లు జరిగిపోతాయి, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ఇంకో సంగతి. బోటు ఆగి ఉన్నప్పుడు జీపీఎస్ బాణాన్ని నమ్మకండి. అది చూపించేది బోటు జరుగుతున్న దిక్కు, ముక్కు ఉన్న దిక్కు కాదు. నీటి లాగుడికి బోటు పక్కకి పోతుంటే బాణం పక్కకే చూపిస్తుంది. దిక్సూచిని తీసి పారేయొద్దని అందుకే చెప్పేది.

ప్రభుత్వం ఇచ్చే డబ్బా ఉంది కదా?

ఈ మధ్య ఎక్కువగా వింటున్న మాట ఇది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద దేశమంతా లక్ష బోట్లకి ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు, అంటే ఉపగ్రహం ద్వారా కబురు పంపే డబ్బాలు, ఇచ్చే పని నడుస్తోంది. ఇస్రో తయారు చేసిన పద్ధతి, 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రారంభించారు. నభ్‌మిత్ర యాప్‌తో ఫోనుకి కలుస్తుంది. టవర్ అందని చోట కూడా ఒడ్డుకి చిన్న మెసేజ్ పంపొచ్చు, ఒడ్డు నుంచి తుపాను కబురు, సరిహద్దు హెచ్చరిక అందుకోవచ్చు. తప్పకుండా పెట్టించుకోండి. అయితే ఆ డబ్బా ఉన్నది ప్రాణం కాపాడడానికి, జీపీఎస్ సెట్టు ఉన్నది వేట పనికి. వందల పాయింట్లు దాచుకుని రాత్రి చీకట్లో ఒక్కోదాని మీదికి బోటుని నడపడానికి సెట్టే కావాలి. ఒకటి ఉందని రెండోది మానకండి. కోస్ట్ గార్డు నంబరు 1554ని సెట్టు పక్కన చెక్క మీద పెయింటుతో రాయించుకోండి.

గుజరాత్ వెళ్లి బోట్ల మీద పనిచేసే శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లకి సరిహద్దు మాట వేరే చెప్పక్కర్లేదు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కిన మనవాళ్లు 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. అటు పనికి వెళ్లేవాళ్లు సరిహద్దుకి బాగా ఇవతలే వరసగా పాయింట్లు పెట్టి, వాటికి అలారం పెట్టుకోవాలి. ఇదే పద్ధతి కాకినాడ వైపు గ్యాస్ ప్లాట్‌ఫారాలకీ పనికొస్తుంది. వాటి చుట్టూ 500 మీటర్ల లోపలికి పోకూడదు కాబట్టి అలారాన్ని కిలోమీటరుకి పెట్టండి.

మరి ఎవరికి ఏది?

తెల్లవారుజామున పోయి మధ్యాహ్నానికి వచ్చే ఫైబర్ బోటు: తేలే చేతి సెట్టు, గాలి చొరని సీసాలో రెండు జతల సెల్స్, కవర్లో ఫోను. ఇంకేమీ వద్దు. ఎకో కావాలని మనసు లాగితే గెడకి కట్టిన ట్రాన్స్‌డ్యూసర్ గుర్తు తెచ్చుకోండి.

ఒకటి రెండు రాత్రులు ఉండే, చిన్న క్యాబిన్ ఉన్న బోటు: 12 వోల్టుల బ్యాటరీ మంచిదై ఉంటే స్ట్రైకర్ లాంటిది సరిపోతుంది, మ్యాపు రాదని తెలిసి కొంటే. చేతి సెట్టు పక్కన ఉండాలి.

వారం దాటి పోయే మరబోటు: 24 వోల్టులు తట్టుకునే ఉత్త జీపీఎస్, విడిగా ఎకో, డ్రాయరులో చేతి సెట్టు. 20 మీటర్లు దాటిన బోటుకి ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడలు, బోట్లు ఒకదాని చోటు ఒకటి తెలుసుకునే సాధనం) ఎలాగూ ఉండాలి కాబట్టి, దాన్ని కలుపుకోగలిగే సెట్టు తీసుకుంటే విశాఖ బయట లంగరేసిన ఓడల మధ్య రాత్రి రావడం తేలికవుతుంది. సబ్సిడీ కోసం సెట్టు కొనకముందే మత్స్య సహాయకుణ్ణి అడగండి. కొని బిల్లు పట్టుకెళ్తే కుదరదనే అవకాశం ఎక్కువ.

ఏది కొన్నా, జెట్టీ దగ్గర ఒక పాయింటు కొట్టి, ఆఫ్ చేసి, మర్నాడు అదే చోట నిలబడి ఆన్ చేసి చూడండి. తేడా అయిదారు మీటర్ల లోపు ఉంటే బాగున్నట్టే. యాభై చూపిస్తే యాంటెన్నానో, వైరునో చూసుకోండి, బోటు ఇంకా ఒడ్డునే ఉంది కదా. మనిషి నీళ్లలో పడితే నొక్కే ఎంఓబీ బటన్ ఎక్కడుందో సరంగుకే కాదు, వంట కుర్రాడికీ చూపించండి.

సరంగుల దగ్గర మూడు నాలుగు వందల పాయింట్లు ఉంటాయి, అన్నీ ఒక్క సెట్టులోనే. తెర పోయిన రోజు ఆ పాయింట్లు కూడా పోతాయి. నిషేధంలో రెండు రోజులు కూర్చుని వాటిని ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించండి, పాయింటు పక్కన అక్కడ బండ ఉందా, చేప ఉందా, ఎన్ని బారల లోతు అన్నది కూడా. పెన్నుతో వద్దు, పెన్సిల్‌తో రాయండి. పుస్తకం తడిసినా పెన్సిల్ రాత చెరిగిపోదు.